నడుముకు కట్టుకునే మైకు: 14 నెలలు వాడిన ఒక తెలుగు టీచరు అభిప్రాయం

నేను సమీక్షిస్తున్న వస్తువు అరచేతి కన్నా కొంచెం పెద్దదైన ఒక నల్ల స్పీకరు పెట్టె. దానికి ఒక తీగ, ఆ తీగ చివర తలకు తగిలించుకునే మైకు, నడుముకు కట్టుకోవడానికి ఒక పట్టీ ఉంటాయి. యాత్రాస్థలాల్లో గైడ్ల నడుముకు వేలాడుతూ కనిపించేది ఇదే. 2024 జూన్‌లో, బడులు తెరిచిన వారంలో, ఆన్‌లైన్‌లో 2,150 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే పెట్టె, ఇవే మీటలు, నాలుగు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతుండడం నేను చూశాను. పైగా పేరుకన్నా, ఈ రకం వస్తువు బడిలో భాష చెప్పేవారికి ఎంతవరకు పనికొస్తుందన్నదే నా విషయం. సైన్సు టీచరుకు, లెక్కల టీచరుకు పనికొచ్చినంత మాత్రాన తెలుగు టీచరుకు పనికొస్తుందని చెప్పలేము. ఆ మాట ఎందుకంటున్నానో ముందుముందు తెలుస్తుంది.

1998 డీఎస్సీలో ఎంపికై తెలుగు పండితురాలిగా చేరిన నాటి నుంచి నేను నల్లగొండ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లోనే పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో నా గొంతంటే నాకు గర్వంగా ఉండేది. రెండు గదుల అవతల పాఠం చెప్పే లెక్కల సారు ఒకసారి, "మీ పద్యం మా క్లాసుక్కూడా వినబడ్డది మేడమ్" అంటే మెచ్చుకోలుగానే తీసుకున్నాను. అది మర్యాద తొడిగిన ఫిర్యాదు అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పట్లో 70 మంది పిల్లలు, రేకుల గది, వాన పడితే నా మాట నాకే వినిపించని పరిస్థితి. అయినా ఆపేదాన్ని కాదు. వాన మీద అరిచి పాఠం చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకున్నాను.

పన్నెండో ఏడు వచ్చేసరికి వారానికి ఒక క్రమం ఏర్పడింది. సోమవారం గొంతు బాగుండేది, గురువారానికి జీర వచ్చేది, శనివారం పద్యంలో పై స్థాయి అందుకోబోతే గాలి మాత్రమే వచ్చేది, ఆదివారం మౌనంగా ఉంటే మళ్లీ కొంత తేరుకునేది. మిరియాల పాలు తాగాను, అతిమధురం నమిలాను, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొని పాఠం చెప్పాను. అవి గొంతుకు హాయినిస్తాయి, కాదనను. కానీ మనం మింగేది అన్నవాహికలోకి వెళ్తుంది, స్వరం పుట్టించే స్వరతంత్రులుండేది శ్వాసమార్గంలో. మింగిన ఏ వస్తువూ నేరుగా వాటిని తాకదన్న చిన్న సంగతి 2011లో ముక్కు గుండా కెమెరా పంపి చూసిన డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. స్వరతంత్రుల రెండు అంచుల మీదా చిన్న బొడిపెలు వచ్చాయన్నారు. పాదాల మీద ఆనెలు వచ్చినట్టే, అరిచి అరిచి గొంతులో ఇవి వచ్చాయని వివరించారు. రెండు వారాలు మౌనం, ఆ తర్వాత స్పీచ్ థెరపీ. ఆ మౌనానికి నేను సగం జీతం సెలవు పెట్టుకోవాల్సి వచ్చింది. తగ్గాయి. 2018లో మళ్లీ వచ్చాయి.

ఈ పెట్టె ఆలోచన నాకు ఎవరో చెప్పగా వచ్చింది కాదు. కోవిడ్ కాలంలో ఫోనులో పాఠాలు చెప్పిన నెలల్లో నా గొంతు ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత తేటగా ఉండేది. పాఠాల సంగతి వేరు, అవి పిల్లలకు ఎంత అందాయో అందరికీ తెలిసిందే. కానీ పని గంటలు అవే, పద్యాలు అవే, నోటికి దగ్గరగా మైకు ఉన్నందువల్ల ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాను, అంతే తేడా. బడులు తెరిచిన మూడో నెలకే జీర తిరిగి రావడంతో, లోపం నా గొంతులో లేదని, గొంతుకూ చివరి బెంచీకీ మధ్యనున్న దూరంలో ఉందని అర్థమైంది.

ఆ దూరాన్ని కొంచెం లెక్కగా చెప్పుకోవడం మంచిది. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్లు తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల తగ్గుదల అంత ఉండదు గాని, ఆ ప్రతిధ్వని మాటను అలికేస్తుంది కాబట్టి లాభమేమీ లేదు. పాఠం జరిగేటప్పుడు తరగతి గదిలో చుట్టుపక్కల రొద 35 డెసిబెల్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మా పదో తరగతి గదిలో పిల్లలందరూ చూచిరాత రాస్తూ మౌనంగా ఉన్నప్పుడే, రెండు ఫ్యాన్లు, పక్క గది, రోడ్డు మీది ట్రాక్టర్లు కలిసి నా ఫోనులోని యాప్‌లో 55 చూపించాయి. ఫోను కొలత కచ్చితమైనది కాదు, అయినా ఎంత తప్పు చూపినా 35 దరిదాపుల్లో లేమన్నది నిజం. రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్సులో లొంబార్ అనే చెవి డాక్టరు 1911లోనే చెప్పాడు. మనం పెంచితే పక్క గది టీచరు పెంచుతారు, వారు పెంచారని మనం ఇంకొంచెం పెంచుతాము. మా వరండాలో రోజూ మూడో పీరియడులో జరిగేది ఇదే.

స్త్రీ మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. 45 నిమిషాల పీరియడులో సగం సమయం స్వరం పలికిందనుకుంటే రెండు లక్షల డెబ్బై వేలు, రోజుకు ఐదు పీరియడ్లంటే 13 లక్షల పైచిలుకు. అరిచినప్పుడు ఆ తాకిడి మరింత బలంగా ఉంటుంది. తెలుగు అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, అచ్చుకు స్వరం కావాలి కాబట్టి ఈ లెక్క మనకు ఇంకొంచెం ఎక్కువే అయివుండాలని నా ఊహ. ఊహ మాత్రమే.

ఇది నా ఒక్కదాని కథ కాదని చెప్పడానికి ఒక అధ్యయనం చాలు. అమెరికాలోని అయొవా, యూటా రాష్ట్రాల్లో 1,243 మంది టీచర్లను, దాదాపు అంతేమంది టీచర్లు కానివారిని ప్రశ్నించి 2004లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, జీవితంలో ఎప్పుడో ఒకసారి గొంతు సమస్య వచ్చిందన్నవారు టీచర్లలో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతం. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలోనే గొంతు దెబ్బతిన్న 44 మంది టీచర్లను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు గొంతు కాపాడుకునే జాగ్రత్తలు బోధించి, ఒక జట్టుకు ఇలాంటి మైకు పెట్టెలిచ్చి, మూడో జట్టుకు ఏమీ ఇవ్వకుండా ఆరు వారాలు చూశారు. మైకు వాడినవారి గొంతు స్పష్టంగా మెరుగైంది. జాగ్రత్తలు మాత్రమే విన్న జట్టులో అంతటి మార్పు కనిపించలేదు. పోలండులో టీచర్ల దీర్ఘకాలిక గొంతు జబ్బును వృత్తిరోగంగా గుర్తించి పరిహారం ఇస్తారు. మన బడి ఖర్చుల్లో సుద్దముక్కలకు పద్దు ఉంది గాని ఈ పెట్టెకు లేదని మా దగ్గర తేలింది. అందువల్ల సొంత డబ్బుతోనే కొన్నాను.

ఇక పెట్టె సంగతి. మొదటి రోజు తొమ్మిదో తరగతిలోకి అడుగుపెట్టి "అందరూ కూర్చోండి" అనగానే వెనుక నుంచి ఒకడు, "టీచర్, ఉల్లిగడ్డల బండి వచ్చిందనుకున్న" అన్నాడు. గది గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు రెండు రోజులు ఉంది, మూడో రోజు పోయింది. కొనాలనుకునే టీచర్లు చాలామంది ఈ రెండు రోజులకే భయపడతారని నాకు అనిపిస్తుంది. గొంతు లేని టీచరు అన్న పేరు వస్తుందేమోనన్న బెరుకు అది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు లేని టీచరు అని ఎవరూ అనరు కదా.

శబ్దం ఎంత పెద్దగా వస్తుందన్నది ఈ పెట్టెలన్నిటి మీదా ముద్రించే గొప్ప. నిజానికి అది అవసరం లేని గొప్ప. నేను ఏనాడూ సగం దాటించలేదు. దాటిస్తే ముందు బెంచీ పిల్లలకు చెవులు గింగురుమంటాయి, పక్క గదివారికి మన పాఠం వినిపిస్తుంది. నాకు కావాల్సింది పెద్ద శబ్దం కాదు, తేట శబ్దం. అందుకని కొన్న రోజు సాయంత్రమే మా అమ్మాయిని ఇంటి వరండా చివర కాగితం, పెన్ను ఇచ్చి కూర్చోబెట్టి, అటు తిరిగి ఉక్తలేఖనం చెప్పాను: శకలం, సకలం, వాణి, వాని, కల, కళ, ఖరం, కరం. కల, కళ సరిగ్గా రాసింది. వాణి, వాని కూడా రాసింది. శకలం, సకలం రెండింటినీ సకలమనే రాసింది. స శబ్దపు బలం ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది, శ కొంచెం కిందుగా ఉంటుంది. చవక స్పీకర్లు ఆ పై భాగాన్నే మింగేస్తాయి కాబట్టి రెండూ ఒకేలా అయిపోతాయి. భౌతికశాస్త్రం చెప్పేవారికి ఈ తేడా లేకపోయినా పాఠం ఆగదు, పిల్లలు సందర్భాన్ని బట్టి మాటను పట్టుకుంటారు. శ, ష, సలను చెవితో పట్టుకోవడమే పాఠమైనప్పుడు మాత్రం ఇది పెద్ద లోపం.

ఖరం, కరం దగ్గర ఇంకో చిక్కు. మహాప్రాణాలు పలికినప్పుడు నోటి నుంచి వచ్చే గాలి తెర సూటిగా మైకును తాకి 'టప్పు' మంటుంది. భ, ధ, ఖ పలికిన ప్రతిసారీ పెట్టె దగ్గుతుంది. భీష్ముడు, భీముడు, ధర్మరాజు, ధృతరాష్ట్రుడు ఉన్న పాఠం చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది. దీనికి మందు తేలికైనదే. మైకును పెదవులకు ఎదురుగా కాకుండా నోటి మూలకు, వేలెడు దూరంలో పెట్టుకోవాలి, పైన స్పాంజి తొడుగు తీయకూడదు. పెట్టెలోని కాగితం మీద ఈ ముక్క ఎక్కడా లేదు. మూలకు జరిపిన తర్వాత శ, సల తేడా కూడా కొంత మెరుగుపడింది, పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఉక్తలేఖనం చెప్పేటప్పుడు మైకు ఆపేసి, బెంచీల మధ్య నడుస్తూ, మామూలు గొంతుతో ప్రతి మాటా రెండు చోట్ల చెబుతున్నాను. పిల్లలకు నా పెదవులు కనిపించడం కూడా అవసరమే.

పద్యం దగ్గరికి వస్తే ఈ పెట్టె తన ఖరీదు తానే రాబట్టుకుంది. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, యతిస్థానం 13వ అక్షరం. అంటే ఊపిరి తీసుకోవడానికి సహజమైన చోటు 12 అక్షరాల తర్వాత వస్తుంది. ఆ 12 అక్షరాలను చివరి బెంచీకి వినిపించేలా అరిచి చదివితే నాలుగో పాదానికి ఊపిరి చాలదు. అరుపులో రౌద్రం తప్ప మిగతా రసాలన్నీ కొట్టుకుపోతాయి. పాతికేళ్లుగా నేను కరుణరస పద్యాలను కూడా యుద్ధపద్యాల్లా చదువుతున్నానని మైకు పెట్టుకున్నాకే గమనించాను. మాట తగ్గించి, దాదాపు తనలో తాను చెప్పుకుంటున్నట్టు చదవాల్సిన పద్యాన్ని అలాగే చదవగలగడం, అది వెనుక గోడ దగ్గరి పిల్లవాడికి కూడా అలాగే చేరడం నాకు ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లకు దొరికిన కొత్త సుఖం. మొదటిసారి అలా చదివిన రోజు గది నిశ్శబ్దంగా ఉంది. నేను చదివిన తీరువల్లో, బయట వాన మొదలై పిల్లలు కిటికీలోకి చూస్తున్నందువల్లో మాత్రం చెప్పలేను.

ఇందులో పెన్‌డ్రైవు పెట్టుకునే చోటు కూడా ఉంది. ఉదయం గొంతు బాగున్నప్పుడు పద్యాన్ని ఒకసారి రికార్డు చేసుకొని మూడు సెక్షన్లలోనూ వినిపించవచ్చని మొదట సంబరపడ్డాను. ఒక నెల చేసి మానేశాను. పెట్టె పాడుతుంటే పిల్లలు పెట్టెను చూస్తారు, పుస్తకాన్ని చూడరు. జలుబు చేసిన రోజులకు మాత్రం ఆ రికార్డులు దాచుకున్నాను. ఎఫ్ఎం రేడియో కూడా ఉంది, దాని సంగతి పిల్లలకు తెలియనివ్వకపోవడం మంచిది.

తయారుచేసినవారు దీన్ని చీర కట్టుకునే మనిషి మీద ఒక్కసారి కూడా పెట్టి చూడలేదని ఖాయంగా చెప్పగలను. పట్టీని నడుముకు బిగిస్తే కుచ్చిళ్లు జారతాయి, వదులు చేస్తే పెట్టె కిందికి జారుతుంది. చివరికి సంచీ పట్టీ ఒకటి తగిలించి భుజానికి వేసుకున్నాను. తలపట్టీ కూడా జడముడికి, కళ్లజోడుకు, చెవి దిద్దులకు మధ్య చోటు వెతుక్కోవాలి. నల్లబల్ల వైపు తిరిగినప్పుడు శబ్దం గోడకు తగిలి తిరిగొచ్చి మైకులో పడి 'కుయ్య్' మని అరుస్తుంది. కాబట్టి రాసేటప్పుడు మాట్లాడకూడదన్న పాత నియమాన్ని ఈ పెట్టె బలవంతంగా నేర్పుతుంది. కూర్చొని చెప్పే పాఠాల్లో పెట్టెను బల్ల మీద, నా కన్నా ముందుకు, పిల్లల వైపు తిప్పి పెడితే అరుపు ఉండదు, శబ్దం కూడా బాగా పరుచుకుంటుంది.

తీగ లేని బ్లూటూత్ రకం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. మా హిందీ టీచరు అది కొన్నారు. పలికిన మాట స్పీకర్లో రవ్వంత ఆలస్యంగా వస్తుంది. తన మాటే తనకు వెనుక నుంచి తరుముకొస్తుంటే ఎంత గట్టివారైనా తడబడతారు. దోహాలు చదవబోయి రెండుసార్లు ఆగిపోయి, ఆమె దాన్ని తిరిగి పంపేశారు.

10 గంటలు వస్తుందన్న బ్యాటరీ కొత్తలో సగం శబ్దానికి ఆరు గంటలు వచ్చింది, అంటే ఒక బడిరోజు. 14 నెలల తర్వాత మూడున్నర గంటలు వస్తోంది, మధ్యాహ్న భోజన సమయంలో ఛార్జింగు పెట్టక తప్పడం లేదు. ఐదో నెలలో తీగ ప్లగ్గు దగ్గర తెగింది. ఆరు నెలల వారంటీ ఉందని అమ్మినవారి నంబరుకు వారం రోజులు ఫోను చేసినా ఎవరూ ఎత్తలేదు. చివరికి మా మండల కేంద్రంలోని ఒక రిపేరు కొట్టతను అదే రకం మైకు తీగ 180 రూపాయలకిచ్చాడు. అది ఇప్పటికీ పనిచేస్తోంది, అసలు దానికన్నా శ అక్షరం కొంచెం బాగా పలుకుతోంది కూడా. ఐదుకు ఎంతంటే, తరగతిలో గొంతు కాపాడడానికి నాలుగున్నర, ఉచ్చారణ పాఠానికి రెండు, కట్టుకోవడానికి ఒకటి.

ఇది ఏమి చేయదో కూడా చెప్పాలి. వారానికి 30 పీరియడ్లను 24 చేయదు. ఫార్మేటివ్ పరీక్షలు రాగానే ఇంటికి మోసుకెళ్లే వ్యాసరచన కాగితాల కట్టను తేలిక చేయదు. ఒక లెక్క తప్పా ఒప్పా అన్నది ఒక గీతతో తేలుతుంది, ఒక పేరా తెలుగును దిద్దాలంటే మూడుసార్లు చదవాలన్న సంగతి భాష చెప్పనివారికి అర్థం కాదు. పదో తరగతి దాకా పాఠాలు చెబుతూ కూడా భాషా పండితులుగానే ఏళ్లకేళ్లు మిగిలిపోయి, 2024లో గాని స్కూల్ అసిస్టెంట్లనే పై హోదా అందుకోలేకపోయిన మాలాంటివారి మనసులోని జీరను కూడా ఇది పోగొట్టదు. రెండో నెల నుంచి సాయంత్రం ఇంటికెళ్లాక నేను మాట్లాడుతున్నాను, అంతవరకు చెప్పగలను. అంతకుముందు ఎన్నో ఏళ్లు సాయంత్రం ఆరు దాటితే మా ఇంట్లో నేను సైగలతోనే సరిపెట్టేదాన్ని. మా అమ్మాయి చిన్నప్పుడు, అమ్మకు బడి పిల్లల మీదే ఇష్టం, వాళ్లతోనే మాట్లాడుతుందని అనుకునేదట. ఈమధ్యే చెప్పింది.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోకండి, చాలామందిలో అది ఇంకా బిగుతు తెస్తుంది. మైకు ఉంది కదా అని మంచినీళ్లు తాగడం మానకండి. అరవడం అలవాటైనవారు మైకు పెట్టుకొని కూడా మొదటి వారం అరుస్తారు, నేనూ అరిచాను. తమ మాట పెట్టెలోంచి తమ చెవికి వినిపించడం అలవాటయ్యేకొద్దీ గొంతు తనంతట తానే దిగుతుంది.

మా రాష్ట్రంలో ఉద్యోగ విరమణ వయసు 61. నాకు ఇంకా కొన్నేళ్లే ఉన్నాయి, ఈ పెట్టె నాకు ఆలస్యంగా దొరికింది. 2024 డీఎస్సీలో ఎంపికై ఆ అక్టోబరులో మా బడిలో చేరిన తెలుగు టీచరుకు 26 ఏళ్లు. ఆమె గొంతు నా పాత గొంతు కన్నా గట్టిది, వరండా చివరిదాకా వినిపిస్తుంది. మొన్న స్టాఫ్ రూములో, "అక్కా, గురువారం వచ్చేసరికి గొంతు పోతున్నది, కరక్కాయ తెచ్చుకుంటున్న" అంది. అందుకే ఈ సమీక్ష రాస్తున్న ఈ వారం పెట్టె నా దగ్గర లేదు, ఆరో తరగతిలో ఉంది. మైకు మీది స్పాంజి తొడుగు మాత్రం కొత్తది కొనుక్కోమన్నాను, పది రూపాయలకు రెండొస్తాయి.